హైమావతి గైర్హాజరు

ఆ సోమవారం హైమావతి ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళలేదని ఆసుపత్రి అంటుంది. ఈ సంగతి తేల్చడానికి తరవాత ఒక కమిటీ కూడా వేశారు. కమిటీ టీ బిస్కెట్లతో ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి, వాళ్ళు తేల్చేలోగా జరిగింది జరిగినట్టు నేను చెప్పేస్తాను.

హైమావతి ఆడవాళ్ళకు స్కూటర్ నేర్పుతుంది. గోదావరి జిల్లాల్లో ఓ మోస్తరు పట్నం మాది. ఇక్కడ బండి నడిపే ఆడవాళ్ళలో సగం మంది ఆవిడ తిట్లు తిని నేర్చుకున్నవాళ్ళే. నలభై దాటిన మనిషి. గొంతు పెద్దది. కాలేజీ మైదానంలో ఆవిడ "బ్రేకూ!" అని కేకేస్తే పక్క రోడ్డు మీద పోయే ఆటోలు కూడా ఆగేవి. భర్త పాపారావుకు పిండిమర ఉంది. పొద్దస్తమానం మర చప్పుడులో ఉండి ఉండి ఆయనకు మాట్లాడే అలవాటు తప్పిపోయింది. ఇంట్లో ఆ లోటు తెలియకుండా హైమావతే పూడ్చేసేది.

ఆ ఏడు వేసవిలో ఒక లెక్చరరమ్మకు బండి నేర్పుతుండగా హైమావతికి ఉన్నట్టుండి ఏదో అయింది. హ్యాండిల్ మీద ఉన్న చేతులు తనవి కావేమో అనిపించింది. ఎదురుగా ఉన్న రోడ్డు, గోడ, సోడాబండి, అన్నీ నాటకాల తెర మీద బొమ్మల్లా పల్చబడిపోయాయి. లెక్చరరమ్మ మాట నూతిలోంచి వస్తున్నట్టు వినపడింది. తను ఎక్కడో పైన నిలబడి, హైమావతి అనే ఆవిడెవరో బండి మీద కూర్చుని ఉంటే చూస్తున్నట్టు ఉంది. కాసేపటికి సర్దుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తరవాత ఇక చెప్పాపెట్టకుండా దిగబడే చుట్టంలా ఎప్పుడు పడితే అప్పుడు వస్తూనే ఉంది.

తన ప్రాణం సంగతి సరే, వెనక సీట్లో ఇంకొకరి ప్రాణం కూడా ఉంటుంది కదా. హైమావతి క్లాసులు ఆపేసింది. మైదానం మూగబోయింది.

మా ఊళ్ళో మనోవికాస వైద్యాలయం అని ఒక పెద్దాసుపత్రి ఉంది. అందులో డాక్టర్ అనంతశయనం గారు మానసిక వైద్యులు. మంచివారు, బాగా చదువుకున్నవారు. కాకపోతే ఆయన గది ముందు ఎప్పుడు చూసినా తీర్థమంత జనం. అందుచేత రోగి కుర్చీలో కూర్చునేలోపే సగం మందులు రాసేసేవారు. మిగతా సగం కూర్చున్నాక.

"ఏమవుతోందయ్యా ఆవిడకి?" అని ఆయన పాపారావును అడిగారు.

పాపారావు గొంతు సవరించుకుని, "ఆవిణ్ణే అడగండి" అన్నాడు. ఆ ఏడాదిలో ఆయన మాట్లాడిన పొడుగాటి వాక్యం అదే.

"నిద్ర పడుతోందా?" అన్నారు డాక్టరు గారు, మళ్ళీ పాపారావునే చూస్తూ.

"నాకాండి?"

"ఆవిడకయ్యా."

"నిద్రకేం లోటు లేదండి, కానీ..." అని హైమావతి అందుకునేలోపు చీటీ చేతికొచ్చేసింది. నిద్రమాత్రలు.

మాత్రలు వేసుకుంటే నిద్ర పట్టింది. లేచాక ప్రపంచం మళ్ళీ గాజు అవతలే ఉంది. అదనంగా ఆవలింతలు కూడా చేరాయి. హైమావతి ఊరుకునే మనిషి కాదు. అక్కడా ఇక్కడా చదివింది, తెలిసినవాళ్ళను వాకబు చేసింది. మనసు మనిషి నుంచి కొంచెం పక్కకు జరిగి నిలబడే ఇలాంటి జబ్బు ఒకటి ఉందనీ, దాన్ని డిసోసియేషన్ అంటారనీ, దానికి మాట్లాడి చేసే వైద్యం ఉందనీ తెలుసుకుంది. రెండోసారి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి ఆ మాట అనేసింది.

డాక్టరు గారు చిన్నపిల్లను చూసినట్టు నవ్వారు. "ఫోన్లో చదివి జబ్బులు తెచ్చుకోకూడదమ్మా" అని ఆవిడతో అని, "ఇంకో మాత్ర పెంచుతున్నానయ్యా" అని పాపారావుతో అన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు రిక్షాలో హైమావతి చీటీని నాలుగు మడతలు పెట్టింది. తరవాత అంది: "మన గురించి మనం చెప్పుకోకపోతే పక్కోడి జబ్బుకి మందు మనం మింగాలండి. ఈసారి నేను చెప్పేదాకా ఆయన కలం ఎత్తనివ్వను."

పాపారావు తలూపాడు.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రి డైరెక్టర్ గారు ఎక్కడో పెద్ద నగరంలో మహాసభకు వెళ్ళొచ్చారు. రోగిని గౌరవించాలని, రోగి మాట వినాలని అక్కడ ఎవరో గొప్పగా ఉపన్యసించారట. డైరెక్టర్ గారు విమానంలోనే చలించిపోయారు. దిగీ దిగ్గానే 'రోగి నోట రోగి మాట' అనే పథకం ప్రకటించారు. గోడల నిండా బ్యానర్లు కట్టారు. అన్నిటిమీదా డైరెక్టర్ గారి ఫోటోనే ఉంది, నోరు తెరిచి మాట్లాడుతూ.

సర్క్యులర్ ఇలా ఉంది: "రోగి స్వయముగా హాజరై తన పక్షమున తానే మాట్లాడవలెను. రోగి పక్షమున ఇతరులు మాట్లాడరాదు. రోగి పలికినది పలికినట్లు కంప్యూటరునందు నమోదు చేయవలెను. దానిని సవరించుటకు గాని, శంకించుటకు గాని, వ్యాఖ్యానించుటకు గాని సిబ్బందికి ఎట్టి అధికారమును లేదు."

పేపర్లో ఇది చదివి హైమావతి పొంగిపోయింది. తన కోసమే రాసినట్టుంది అనుకుంది.

పథకాన్ని అమలు చేసే బాధ్యత సూపరింటెండెంట్ త్రినాథమూర్తి గారి మీద పడింది. ఆయన సర్క్యులర్లను చదవరు, పారాయణం చేస్తారు. మొదటి రోజునే ఫలితాలు కనిపించాయి. ఎవరో పెద్దాయన కౌంటర్ దగ్గరకు వచ్చి, "ఈ లైన్లో నిలబడలేక నా ప్రాణం పోయిందండీ బాబూ" అన్నాడు. పలికినది పలికినట్లు నమోదైంది. కాసేపటికి శవాల బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఊరికే వస్తోంది కదా అని పెద్దాయన అందులోనే ఇంటికెళ్ళాడు. ఇంటి దగ్గర జరిగిన గొడవ మన కథకు సంబంధించింది కాదు. "మా కోడలు నా గుండెల మీద కుంపటి పెట్టిందమ్మా" అన్న ఒక ముసలమ్మను కాలిన గాయాల వార్డుకు పంపారు. అక్కడ కుంపటి కోసం చాలాసేపు వెతికారట.

ఇలాంటి సోమవారం నాడు హైమావతి కౌంటర్ ముందు నిలబడింది. లోపల శేషుకుమారి అనే అమ్మాయి కంప్యూటర్ ముందుంది.

"చెప్పండమ్మా. ఏంటి బాధ?"

హైమావతి వారం రోజులుగా వల్లెవేసుకున్నదంతా గుండె నిండా గాలి పీల్చుకుని మొదలెట్టింది. "ఒక్కోసారి నేను ఇక్కడ లేనట్టుగా ఉంటదండి..."

శేషుకుమారి చేతులు టకటకా ఆడి ఆగిపోయాయి. "'ఇక్కడ లేను.' తరవాత ఏదో అన్నారు?"

"అట్టు. లేనట్టు."

"అట్టు రావట్లేదమ్మా."

"అంటే?"

"దీంట్లో 'ఉన్నారు' ఉంది, 'లేరు' ఉంది. అట్టు లేదు. అట్టు క్యాంటీన్లో ఉంటది, పదిన్నర దాకా."

"అట్టు తీసేస్తే అర్థం మారిపోద్ది కదమ్మా! నా జబ్బంతా ఆ అట్టులోనే ఉంది."

శేషుకుమారికి జాలేసింది. పాపం, వెతికింది కూడా. కంప్యూటర్ మాత్రం జాలిపడలేదు. త్రినాథమూర్తి గారు కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చారు.

"అమ్మా, రోగి మాటను సవరించే అధికారం మాకు లేదు. మీరు లేనని సెలవిచ్చారు. మేము శిరసావహించాం. మీరు గైర్హాజరు."

"మరి ఇప్పుడు మీరు ఎవరితో మాట్లాడతన్నారండి?"

త్రినాథమూర్తి గారు నిజంగానే ఆలోచించారు. ఆయన అన్యాయం చేసే మనిషి కాదు. "ఆ విషయమై సర్క్యులర్లో స్పష్టత లేదమ్మా" అన్నారు.

ఆవిడ వెనక నిలబడ్డ పాపారావు "ఇక్కడే ఉందండి" అన్నాడు. రోగి పక్షమున ఇతరులు మాట్లాడరాదని ఆయన్ని బయటకు పంపేశారు.

తరవాతి వారం హైమావతి గట్టి నిర్ణయంతో వచ్చింది. జబ్బు సంగతి ఎత్తకుండా ముందుగా "నేను ఉన్నానండి" అంది.

"గత వారం లేనన్నారు. ఈ వారం ఉన్నానంటున్నారు" అన్నారు త్రినాథమూర్తి గారు. "రెండూ రోగి మాటలే. రెంటినీ శంకించరాదు. ఇటువంటి ధర్మసంకటంలో మాకు ఆధారం కావాలి. మీరు ఉన్నారని ఎవరైనా గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి."

హైమావతి తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళింది. ఆయన కూతురికి బండి నేర్పింది హైమావతే. "నువ్వు లేకపోవడం ఏంటమ్మా, నీ కేకలకి మా ఆఫీసు కిటికీలు అదిరేవి" అని నవ్వుతూ సంతకం చేసిచ్చాడాయన: 'సదరు హైమావతి నా యెదుట ఉన్నారు.'

త్రినాథమూర్తి గారు దాన్ని వెలుగులో పట్టుకుని చూశారు. "మీరు తహసీల్దారు గారి ఎదుట ఉన్నారని ఉంది."

"అవునండి."

"అంటే ఇక్కడ లేరనేగా?"

హైమావతికి ఆ క్షణాన తల గిర్రున తిరిగింది. "తల తిరుగుతోంది" అనబోయి నాలుక కరుచుకుంది. అంటే ఏ వార్డుకు పంపుతారో!

ఆవిడకు అసలు భయం ఇంటికెళ్ళాక పట్టుకుంది. వంటింట్లో పోపు వేస్తుంటే ఆ గాజు మళ్ళీ దిగింది. ఆవాలు చిటపటలాడుతున్నాయి, ఆ చప్పుడు తనది కాదు. ఎప్పుడూ తనకు తానే సర్దిచెప్పుకునేది, ఉన్నాను ఉన్నాను అని. ఈసారి ఆ మాట అనుకోబోతే, ఆసుపత్రి వాళ్ళే నిజమేమో అనిపించింది. పొయ్యి కట్టేసి నేల మీద కూలబడింది. పాపారావు వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపయ్యాక మాడిన పోపు ఆయనే తీసి పారబోశాడు.

"మళ్ళీ వెళ్తానండి. ఒకసారి ఊరుకుంటే ఇక ఊరుకోవడమే అలవాటైపోద్ది" అంది హైమావతి.

పథకంలో ఇంకో నిబంధన ఉంది. వరసగా గైర్హాజరైన రోగిని వెతికి పట్టుకోవాలి. దానికి ఒక అన్వేషణ బృందం, ఒక జీపు. హైమావతి ఆసుపత్రి మెట్లెక్కేసరికి బృందం బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కాకపోతే ఎవరికీ దారి తెలియదు.

"హైమావతి అనే ఆవిడ ఇల్లెక్కడో తెలుసామ్మా?" అని డ్రైవరు ఆవిణ్ణే అడిగాడు.

"తెలుసండి."

"కాస్త చూపిస్తారా? పుణ్యముంటది."

జీపు ముందు సీట్లో కూర్చోబెట్టారు. దారిలో కొబ్బరిబొండాం కూడా ఇప్పించారు. ఆసుపత్రి వాళ్ళు తనను అంత మర్యాదగా చూడటం ఆవిడకు అదే మొదటిసారి. ఎడమకు తిప్పండి, గుంత ఉంది చూసుకోండి అని చెబుతూ ఆవిడ వాళ్ళను తన ఇంటికి తీసుకెళ్ళింది.

బృందం లోపలికెళ్ళింది. పాపారావు మరలోంచి ఒళ్ళంతా పిండితో వచ్చాడు.

"మీ భార్య ఎక్కడున్నారు?"

"జీపులో."

"జీపులో ఉన్నావిడ మా గైడు."

పాపారావు ఏదో అనబోయి, అనుభవం గుర్తొచ్చి మానేశాడు. పక్కింటి సూరమ్మ గోడమీంచి తొంగిచూసి, "హైమా? ఇప్పుడేగా మీ బండిలో ఇటొచ్చింది!" అంది. బృందం మళ్ళీ ఇల్లంతా వెతికింది. మంచం కింద, గాదె వెనక, పెరట్లో చూసి 'రోగి ఇంటిలో లేరు' అని రాసుకుంది. నిజం చెప్పాలంటే ఇందులో వాళ్ళ తప్పేం లేదు. ఆవిడ ఇంట్లో లేదు, జీపులో బొండాం తాగుతోంది.

ఈ వార్త విని డైరెక్టర్ గారు కంగారుపడ్డారు. వచ్చే నెల పథకాన్ని చూసి బహుమతి ఇవ్వడానికి రాజధాని నుంచి పెద్దల బృందం వస్తోంది. ఇప్పుడు ఒక రోగి కనబడకుండా పోయిందంటే పరువేం కాను! త్రినాథమూర్తి గారు సర్క్యులర్ అడుగున చిన్నక్షరాల్లో ఒక దారి కనిపెట్టారు: "గైర్హాజరైన రోగి విషయమున, రోగిని బాల్యము నుండి ఎరిగినట్టియు, రోగి క్షేమమును కోరునట్టియు వ్యక్తిని ప్రతినిధిగా నియమించవచ్చును."

ఆయన చూపు జీపు దిగుతున్న హైమావతి మీద పడింది.

"అమ్మా, ఆ హైమావతి గారు మీకు బాగా తెలుసా?"

"పుట్టినప్పట్నించీ తెలుసండి."

"ఆవిడ మంచి కోరతారా?"

హైమావతి రెండో కాలు కూడా కింద పెట్టింది. "ఈ మధ్యనే మొదలెట్టానండి" అంది.

మెడలో బ్యాడ్జి వేశారు. 'రోగి ప్రతినిధి'. అప్పటికప్పుడు లోకం మారిపోయింది. లైన్లో నిలబడక్కర్లేదు. కుర్చీ వచ్చింది, కాఫీ వచ్చింది. డాక్టర్ అనంతశయనం గారి గది తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు తెరుచుకుంది. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఫ్యాను ఆవిడ వైపు తిప్పించారు. ఫోను సొరుగులో పడేశారు. అన్నిటికన్నా వింత, కలం మూత పెట్టేశారు.

"చెప్పండి మేడమ్. పేషెంటు గురించి మీరు గమనించిందంతా చెప్పండి. తొందరేం లేదు."

హైమావతి చెప్పింది. ఆవిడ, ఆవిడ అంటూ చెబుతుంటే ఎన్నడూ రాని మాటలు సులువుగా వచ్చాయి. చేతులు పరాయివైపోవడం, రోడ్డు బొమ్మైపోవడం, మాటలు నూతిలోంచి రావడం చెప్పింది. ఆవిడకు పిచ్చి కాదని, అదంతా నిజం కాదని ఆవిడకు తెలుస్తూనే ఉంటుందని, అదే ఎక్కువ భయమని చెప్పింది. డాక్టరు గారు మధ్యమధ్య అడిగిన ప్రశ్నలు ఎంత సరిగ్గా ఉన్నాయంటే, ఈయనకు ఇంత వైద్యం వచ్చా అని హైమావతి ఆశ్చర్యపోయింది.

"ఇది మొదలవడానికి ముందు ఏమైనా జరిగిందా ఆవిడకి?"

హైమావతి కాఫీ కప్పు కింద పెట్టింది.

"తమ్ముడు పోయాడండి. జ్వరం వచ్చి. ఆ రోజు చుట్టాలందరికీ ఫోన్లు చేసింది ఆవిడే. టెంటు వేయించింది, వచ్చినోళ్ళకి టీలిచ్చింది, అమ్మని పట్టుకుంది, మరదల్ని పట్టుకుంది. ఏడుద్దామనుకునేలోపు ఎవరో ఒకరు వచ్చి పంచదార ఎక్కడుందని అడిగేవారండి. తరవాత ఏడుద్దాంలే అనుకుంది. ఆ తరవాత ఇంకా రాలేదు."

డాక్టరు గారు కుర్చీ కాస్త దగ్గరకు జరుపుకున్నారు.

"ఇది డిసోసియేషనే మేడమ్. నాకు సందేహం లేదు. నిద్రమాత్రలతో పోయేది కాదు. ఆ మాత్రలు మెల్లిగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆపకూడదు. కూర్చోబెట్టి మాట్లాడాలి. ఇంత వివరంగా నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటేనా! ఆ పేషెంటు ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిణ్ణి వెంటనే తీసుకురండి."

"తీసుకొచ్చానండి."

"ఎక్కడ?"

హైమావతి బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు గారు ఆవిడ ముఖంలోకి చూశారు. మొదటిసారి చూశారు. ఆయన ముఖం మెల్లగా ఎర్రబడింది.

"మీరు... ఇంతకుముందు నా దగ్గరకు..."

"వచ్చానండి. మీరు మా ఆయనతో మాట్లాడారు."

ఆయన లేచి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని స్వయంగా కౌంటర్ దగ్గరకు వచ్చారు. హాజరు పడకపోతే వైద్యం మొదలెట్టే వీల్లేదు మరి.

"ఈవిడ ఇక్కడే ఉన్నారయ్యా. రాసుకో."

"రోగి పక్షమున ఇతరులు మాట్లాడరాదు సార్" అన్నారు త్రినాథమూర్తి గారు వినయంగా.

"నేను ఇతరుణ్ణా? డాక్టర్ని!"

"రోగి కాని వారందరూ ఇతరులే సార్."

"కళ్ళెదుట నిలబడి ఉందయ్యా మనిషి!"

"ఆవిడ ప్రతినిధి సార్. ప్రతినిధి ఉన్నారంటేనే రోగి లేరని కదా."

"అబ్బబ్బ! మీతో నాకు పిచ్చెక్కిపోతోందయ్యా!"

కౌంటర్ అవతల టకటకా చప్పుడైంది. శేషుకుమారి చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. "అలవాటైపోయింది సార్... కొట్టేశాను."

"కొట్టెయ్యి. చెరిపెయ్యి!"

"రోగి మాటను చెరిపే అధికారం..." అంటూ త్రినాథమూర్తి గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయనకు డాక్టరు గారంటే నిజంగా గౌరవం. "ఎక్కినట్టు ఉంది అని ఉంటే పోనీ ఏదైనా చూసేవాణ్ణి సార్. కానీ మీకు తెలుసుగా, మన దగ్గర అట్టు లేదు."

అనంతశయనం గారిని మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద చేర్చారు. సాయంత్రం డ్యూటీ డాక్టరు వచ్చాడు. ఆయన శిష్యుడే. వచ్చి, చూడటానికి వచ్చిన డాక్టరు గారి భార్యను అడిగాడు: "సార్‌కి నిద్ర పడుతోందామ్మా?"

"నన్నడుగు! నేను ఇక్కడే ఉన్నాను!" అని అరిచారు అనంతశయనం గారు.

"అరుపులు కూడా ఉన్నాయన్నమాట" అని శిష్యుడు మాత్ర పెంచాడు. గురువు గారు నేర్పిన వైద్యమే.

మర్నాడు హైమావతి బ్యాడ్జి వేసుకుని వార్డులోకి వెళ్ళింది. ప్రతినిధికి ఎక్కడికైనా వెళ్ళే హక్కుంది. డాక్టరు గారు మంచం మీద ఆవలిస్తూ కూర్చున్నారు.

"నేను డాక్టర్నని చెబితే వార్డుబాయ్ 'అలాగే నాన్నా' అన్నాడమ్మా" అన్నారు దీనంగా. "ఎలా చెప్పుకోవాలి వీళ్ళకి?"

"ముందు అరవకండి. అరిస్తే మాత్ర పెరుగుద్ది. కూర్చోమనకపోయినా కూర్చోండి. ఒక్కటే మాట తీసుకోండి, దాన్నే పట్టుకోండి. వాళ్ళు పక్కకెళ్తే మళ్ళీ అదే మాట దగ్గరకి తీసుకురండి. కోపం వస్తే మంచినీళ్ళు అడగండి. తాగేలోపు తగ్గుద్ది."

ఆయన బుద్ధిగా విన్నారు. తరవాత అన్నారు: "కూర్చోండి. మీ తమ్ముడి పేరేంటి?"

ఆసుపత్రిలో ఎవరికీ తీరిక ఉండదు, రోగులకు తప్ప. అనంతశయనం గారికి ఇరవై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి తీరిక దొరికింది. రోజూ వార్డు వరండాలో బల్ల మీద కూర్చుని ఆయన హైమావతికి వైద్యం చేశారు. రోగి ఇంకో రోగితో మాట్లాడకూడదని ఏ సర్క్యులర్లోనూ లేదు. అరికాళ్ళు నేలకు ఆనించి చల్లదనం గమనించమనేవారు. కనబడేవాటి పేర్లు, వినబడేవాటి పేర్లు పైకి చెప్పమనేవారు. మధ్యలో తమ్ముడి కబుర్లు అడిగేవారు. ఒకరోజు తమ్ముడు చిన్నప్పుడు రేగి వడియాలు దొంగిలించి జేబులో పెట్టుకుంటే చీమలు పట్టిన సంగతి నవ్వుతూ చెబుతూ చెబుతూ, హైమావతి ఏడవడం మొదలెట్టింది. ఆ గొంతు సంగతి తెలుసుగా. వార్డంతా నిశ్శబ్దమైపోయింది. ఎవరూ వచ్చి పంచదార ఎక్కడుందని అడగలేదు. పాపారావు మెట్ల మీద కూర్చుని భుజం మీద కండువాతో తన కళ్ళు తుడుచుకున్నాడు.

రాజధాని నుంచి పెద్దలు వచ్చారు. డైరెక్టర్ గారు ముందు నడుస్తూ వార్డులు చూపించారు. కిటికీ పక్క మంచం దగ్గర ఆగి, "మాట్లాడండి, మీ పక్షాన మీరే మాట్లాడండి" అని ప్రోత్సహించారు.

అనంతశయనం గారు అరవలేదు. మంచినీళ్ళు అడిగి తాగారు. "నేను ఈ ఆసుపత్రిలో డాక్టర్ని. పొరపాటున చేర్చారు. నన్ను పంపించండి" అన్నారు. వాళ్ళు ఆహారం ఎలా ఉందని అడిగితే, "బాగుంది. నేను డాక్టర్ని, పొరపాటున చేర్చారు" అన్నారు. దుప్పట్లు మారుస్తున్నారా అంటే, "మారుస్తున్నారు. నేను డాక్టర్ని" అన్నారు.

పెద్దలు ముగ్ధులైపోయారు. "ఏం స్పష్టత! ఏం నిబ్బరం! మీ రోగులు అచ్చం డాక్టర్లలా మాట్లాడుతున్నారండీ!" అన్నారు. బహుమతి అక్కడికక్కడే ప్రకటించారు. పథకం వల్ల సంపూర్ణంగా కోలుకున్న మొదటి రోగిగా అనంతశయనం గారికి శాలువా కప్పి ఇంటికి పంపారు. శాలువా విప్పి మడతపెట్టి ఆయన మర్నాడు పొద్దున్నే డ్యూటీలో చేరారు.

ఇప్పుడు ఆయన గది ముందు లైను గేటు దాకా ఉంటోంది. ఒక్కొక్కరితో అంతసేపు మాట్లాడుతున్నారని త్రినాథమూర్తి గారు మెమో ఇచ్చారు. ఆయన దాన్ని పుచ్చుకుని, "కూర్చోండి. మీకేమైనా చెప్పుకోవాలనుందా?" అన్నారట. త్రినాథమూర్తి గారు మధ్యాహ్నం దాకా బయటకు రాలేదు. ఏం చెప్పుకున్నారో తెలియదుగానీ, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు.

కంప్యూటర్లో మాత్రం హైమావతి ఇప్పటికీ గైర్హాజరే. కమిటీ కూర్చునే ఉంది.

హైమావతి మళ్ళీ క్లాసులు మొదలెట్టింది. ముందు నెమ్మదిగా, మైదానం ఒక మూలన. జబ్బు మొత్తంగా పోలేదు. ఎప్పుడైనా వస్తుంది, మునుపంత సేపు ఉండదు. మొన్న బుధవారం సంతలో మామిడికాయలు ఏరుతుంటే వచ్చింది. జనం పల్చబడ్డారు, అరుపులు దూరమయ్యాయి. హైమావతి కంగారుపడలేదు. చెప్పులు విడిచి అరికాళ్ళు నేలకు ఆనించింది. చేతిలో ఉన్న పచ్చి మామిడికాయను ముక్కు దగ్గర పెట్టుకుని, తొడిమ దగ్గరి జీడి వాసన గట్టిగా పీల్చి, కళ్ళు మూసుకుని నిలబడిపోయింది.

కాయలమ్మే ముసలాయన కాసేపు చూశాడు. "ఏమ్మా, కొంటావా? వాసన చూసి పోతావా?"

"ఉండు తాతా, వస్తన్నాను."

ముసలాయన ఆవిణ్ణి కిందనించి పైదాకా ఎగాదిగా చూశాడు.

"వస్తన్నానంటావేంటమ్మా? ఇక్కడే ఉన్నావుగా!"

హైమావతి కళ్ళు తెరిచింది. "ఆ మాట ఇంకోసారి అను తాతా" అంది.

"ఇక్కడే ఉన్నావు. నా బేరానికి అడ్డంగా, నా నెత్తి మీదే ఉన్నావు. కాయ ఇస్తావా, డబ్బులిస్తావా?"

హైమావతి పకపకా నవ్వింది. పక్క బండి మీద కూరగాయలు తూచేవాడు ఉలిక్కిపడి తక్కెడ వదిలేశాడు. ఆవిడ బుట్టెడు కాయలూ కొనేసింది.